దూడకు చెప్పి వెళ్లింది: హైదరాబాద్ బడుల పెద్దలకు ఒక తెలుగు టీచర్ బహిరంగ లేఖ

హైదరాబాద్ నగరంలోని ప్రభుత్వ, ప్రైవేటు బడుల ప్రధానోపాధ్యాయులకు, ప్రిన్సిపాళ్లకు,

నమస్కారం.

నేను తెలుగు టీచర్‌ని. మొదటి తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పాను. ఆ తరవాత పదమూడేళ్లుగా ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పది దాకా చెబుతున్నాను. టీచర్ దగ్గర్నుంచి మీకొచ్చే కాగితం మామూలుగా సెలవు చీటీయో, ఎవరి క్లాసులో ఎవరు అల్లరి చేశారన్న ఫిర్యాదో అయి ఉంటుంది. నేను కథల కోసం వారానికి ఒక పీరియడ్ అడగడానికి రాస్తున్నాను. ఆ పీరియడ్‌లో ఏం చేస్తానో చెబితే ఎవరైనా వద్దంటారేమోనని ఇన్నాళ్లూ చప్పుడు చేయకుండా నా క్లాసులో నేను చేసుకున్నాను. ఇప్పుడు బయటపెడుతున్నాను.

2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా ఏడో తరగతిలో తొలి వారం సగం మందే వచ్చారు. మాస్కుల మీద కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఎవరింట్లో ఏం జరిగిందో మాకు తెలియదు, వాళ్లు చెప్పరు. స్టాఫ్ రూంలో మాటంతా సిలబస్ గురించే. ఏడాదిన్నర పాఠాలు ఎలా లాక్కొస్తాం అని. ఒకరోజు నాకు పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఆవు-పులి కథ చెప్పాను.

మీకు తెలిసిన కథే. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో పద్యాల్లో రాశాడు, మనకు అమ్మమ్మల నోట వచ్చింది. అడవిలో ఆవు పులికి చిక్కుతుంది. ఇంటి దగ్గర పసిదూడ ఉంది, కడుపునిండా పాలిచ్చి వస్తానంటుంది. వెళ్లి పాలిస్తుంది. నేనిక రాను, ఇలా ఉండు, ఇలా మసలుకో అని బిడ్డకు బుద్ధులు చెప్పి, అన్నమాట ప్రకారం పులి దగ్గరికి తిరిగొస్తుంది. పులి మనసు కరిగి వదిలేస్తుంది. ఏ గైడ్ తీసినా కింద ఒకటే ఉంటుంది: ఆడిన మాట తప్పరాదు.

నేనూ చాక్‌పీసు పట్టుకుని అదే రాయబోయాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు అందుకున్నాడు. వాళ్లింట్లో ఉర్దూ, వాడికి తెలుగు తడుముకుంటూ వస్తుంది. "టీచర్, పులి కు భీ భూక్ లగ్తీ నా. ఆ రాత్రి ఏం తిన్నది?" అందరూ నవ్వారు. ఆ నవ్వులో మూడో బెంచీ పిల్ల, ఎవరితోనూ కాదన్నట్టు, మెల్లగా అంది: "దూడకు జెప్పి వోయింది గద. గదే నయం."

ఆ పిల్ల తండ్రి ఆ ఏడాది మే నెలలో ఆసుపత్రిలో పోయాడు. పిల్లను అప్పటికే మేనత్త ఇంటికి పంపేశారు. పదకొండు రోజుల తరవాత గానీ చెప్పలేదట. ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ నిమిషంలో తెలిసింది ఒకటే, ఆ మాట కథ గురించి కాదని. అప్పుడు నేనేం చేశానంటే, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కూడా అదే, క్లాసందరి ముందు దగ్గరికెళ్లి, "ఏమ్మా, మీ ఇంట్లో నీకు చెప్పలేదా?" అని అడిగాను.

ఆ పిల్ల తల బెంచీ మీద పెట్టేసింది. మర్నాటి నుంచి తొమ్మిది రోజులు బడికి రాలేదు.

నేను ప్రేమగానే అడిగాను. అదే తప్పు. కథలో దూడ ఉన్నంతసేపు ఆ పిల్లకు ఒక చాటు ఉంది. దూడ వెనక నిలబడి తన మాట తను చెప్పుకుంటోంది. వినేవాళ్లు వింటారు, లేనివాళ్లు లేదు. నేను వెళ్లి దూడను పక్కకు లాగేసి ముప్ఫై కళ్ల ముందు పిల్లను నిలబెట్టాను. తొమ్మిది రోజుల తరవాత తిరిగొచ్చినప్పుడు నేనేమీ అడగలేదు. వారం ఆగి క్లాసందరికీ ఒక పని ఇచ్చాను. ఆవు మళ్లీ అడవికి బయల్దేరాక కథ ఆవు వెంటే పోతుంది, ఇంటి దగ్గర దూడ ఏం చేసిందో ఎవరూ చెప్పరు, అది మీరు రాయండి అన్నాను. అందరూ ఐదారు లైన్లు రాశారు. ఆ పిల్ల రెండు పేజీలు రాసింది. అందులో ఏముందో ఇక్కడ రాయను, అది ఆమెది. దిద్దలేదు, మార్కు వేయలేదు. చదివి తిరిగి ఇచ్చాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. చావు, తాగుడు, అప్పులు, కొట్లాటలు, కులం పేరుతో వచ్చే మాట, తప్పిన పరీక్ష, ఇంట్లో వదిలేసి వెళ్లిన అమ్మ, ఇవన్నీ మన పిల్లలు పొద్దున్నే బ్యాగుతో పాటు మోసుకొస్తున్నారు. వాటి గురించి నేరుగా మాట్లాడితే పాఠం అవుతుంది, పిల్లలు చెవులు మూసుకుంటారు. కథ చెబితే "నేను" అనలేని పిల్లవాడు "వాడు" అంటాడు. ఆ "వాడు" అనే మాటను మనం కాపాడాలి. కథయ్యాక "మీ ఇంట్లో కూడా ఇలాగేనా?" అని అడగకూడదు. ఇంత చిన్న సంగతి నాకు బీఎడ్‌లో ఎవరూ చెప్పలేదు, ఒక పిల్ల తొమ్మిది రోజులు మానేస్తే తెలిసింది.

ఇంకో సంగతి, నీతి. నీతి మీద నాకు కోపం లేదు. కానీ నీతి వాక్యం బోర్డు మీద పడగానే క్లాసు నోరు మూతపడుతుంది. సరైన జవాబు వచ్చేసింది కదా, ఇక మాట్లాడేదేముంది? మీలో చాలామంది చందమామలో బేతాళ కథలు చదువుతూ పెరిగినవాళ్లే. బేతాళుడు ఏనాడైనా విక్రమార్కుణ్ణి నీతి అడిగాడా? వీళ్లలో తప్పెవరిది, ఎవరు గొప్ప, అతను అలా ఎందుకు చేశాడు అని అడిగేవాడు. రాజు చెప్పిన జవాబుతో మనకు సగం సార్లు పేచీ ఉండేది, ఆ పేచీ కోసమే వచ్చే నెల దాకా ఎదురుచూసేవాళ్లం. క్లాసులో నాకు కావలసింది బేతాళుడి ప్రశ్న. తల పగులుతుందన్న బెదిరింపు మాత్రం వద్దు. జవాబు తెలిసీ చెప్పకుండా కూర్చునే హక్కు పిల్లలకు ఉండాలి. మా క్లాసులో దానికి "పాస్" అని పేరు. "పాస్ టీచర్" అంటే నేను పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాను.

ఏడు చేపల కథ మూడేళ్ల పిల్లలకు చెప్పేదని నేనూ అనుకునేదాన్ని. రెండేళ్ల క్రితం ఏడో తరగతిలో చెప్పి చూశాను, మరీ చిన్నపిల్లల కథ అని వాళ్లే నవ్వారు. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చావు, ఆవు మేయలేదు. ఆవా ఎందుకు మేయలేదు, పాలేరు మేపలేదు. పాలేరా ఎందుకు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు. అక్కడ ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. మొదటి పీరియడ్‌లో రోజూ నిద్రపోయే పిల్లవాడు. "పాలేరు ఏ క్లాస్, టీచర్?"

నలభై ఏళ్లుగా ఈ కథ నా నోట్లో ఉంది. ఆ పాలేరుకు వయసుంటుందని, వాడూ బడికి పోవాల్సిన పిల్లవాడు అయి ఉండొచ్చని నాకు ఒక్కసారీ తట్టలేదు. తెలియదు, మీరు చెప్పండి అన్నాను. ఇక ఆ పీరియడ్ నా చేతిలో లేదు. బువ్వ పెట్టకపోతే ఎందుకు మేపాలె, మంచిగ చేసిండు అని ఒకడు. స్ట్రైక్ అంటే గదే అని ఇంకొకడు. అవ్వదేం తప్పు, పిల్లగాడు ఏడుస్తుంటే బువ్వ ఎట్ల పెడ్తది, ఆమె ఒక్కతే ఎన్ని పనులు చేస్తది అని ఒక అమ్మాయి. రాజుగారి కొడుకులు ఏడుగురు ఉన్నారు కదా, చేపలను వాళ్లే తిరగేసి ఎండబెట్టుకోవచ్చు కదా అని మరొక అమ్మాయి. చివరికి అందరూ చీమ పక్షాన నిలబడ్డారు. దాని పుట్టలో వేలు పెడితే కుట్టదా మరి.

నేను ఆ అబ్బాయిని ఏమీ అడగలేదు, ఈసారి బుద్ధి వచ్చింది. కానీ వారం రోజులు గమనించాను. తెల్లారి నాలుగింటికి లేచి ఒక దుకాణం తరఫున అపార్ట్‌మెంట్లలో పాల ప్యాకెట్లు వేసి, అటునుంచి అటే బడికి వస్తున్నాడు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కడా పనిలో పెట్టుకోకూడదు. బడి వేళలు అయ్యాక సొంత ఇంటి వ్యాపారంలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది. మా హెచ్‌ఎం గారు తండ్రిని రెండుసార్లు పిలిపించి మాట్లాడారు. పెద్దగా గొడవ లేకుండా ఆ పని వాళ్ల అన్న తీసుకున్నాడు, అతనికి పంతొమ్మిదేళ్లు. అబ్బాయి ఇప్పటికీ మొదటి పీరియడ్‌లో అప్పుడప్పుడు కునుకు తీస్తాడు. అది నా పాఠం వల్ల అయి ఉంటుంది.

ఇప్పుడు మీ భయం సంగతి. పేరెంట్స్ ఏమంటారోనని మీకు ఉంటుంది, అది ఉత్త భయం కాదని నాకు తెలుసు. నేను ప్రైవేటు స్కూల్లో ఉన్నప్పుడు ఐదో తరగతికి ఒక బొమ్మల పుస్తకం చదివాను. అందులో తండ్రి తాగొచ్చిన రాత్రి పాప మంచం కింద దూరి లెక్కలు నెమరేసుకుంటూ ఉంటుంది. తిట్లు లేవు, రక్తం లేదు. మర్నాడు క్లాసు వాట్సాప్ గ్రూప్‌లో ఒక తండ్రి, ఇలాంటి చెత్త కథలు చెప్పి పిల్లల మనసు పాడుచేస్తున్నారని పెట్టారు. సాయంత్రానికి పదిహేను బొటనవేళ్లు పడ్డాయి. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి, కోపంగా కూడా కాదు, అలసటగా అన్నారు: "మనకెందుకు మేడం ఈ టెన్షన్? రామాయణం, భాగవతం చెప్పండి చాలు." పుస్తకం బీరువాలోకి పోయింది. దానితో పాటు ఇంకో పద్నాలుగు కూడా పోయాయి, వాటిలో ఏముందో ఎవరూ చూడలేదు.

సరే, భాగవతమే తీసుకుందాం. ప్రహ్లాదుణ్ణి కన్నతండ్రి ఏనుగులతో తొక్కిస్తాడు, కొండల మీదినుంచి తోయిస్తాడు, విషం పెట్టిస్తాడు. ఆ పద్యాలు మనం పిల్లల చేత కంఠతా పట్టిస్తాం, రాగయుక్తంగా పాడితే బహుమతి ఇస్తాం. హరిశ్చంద్రుడు భార్యను, కొడుకును అమ్ముతాడు. పాము కరిచి చచ్చిపోయిన కొడుకును ఎత్తుకుని చంద్రమతి కాటికి వస్తుంది. ఊళ్లలో తెల్లవార్లూ ఆ నాటకం ఆడుతుంటే మనం అమ్మ ఒళ్లో పడుకుని చూశాం, కాటి సీను పద్యాలకు వన్స్‌మోర్ కొట్టాం. మన వాళ్లు పిల్లల దగ్గర ఏనాడూ చావును దాచలేదు, తండ్రి కోపాన్ని దాచలేదు. అవి గొప్ప కథలు, నేను చెబుతూనే ఉంటాను. కాకపోతే ఆ తండ్రి రాక్షసుడు, ఆ కాలం వేరు కాబట్టి మనకు ఇబ్బంది లేదు. తండ్రి ప్యాంటు షర్టు వేసుకుని మన వీధి బస్సు దిగి వస్తేనే చెత్త కథ అవుతోంది.

ఆ గ్రూప్‌లో మెసేజ్ పెట్టినాయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయన పుస్తకం చూడలేదు, బిడ్డ చెప్పింది విన్నాడు. నేను ముందుగా చూపించి ఉండాల్సింది. ఇప్పుడు జూన్‌లో జరిగే మొదటి పేరెంట్స్ మీటింగ్‌లోనే ఆ ఏడాది చదవబోయే పుస్తకాలు బల్ల మీద పరిచి పెడతాను. తిరగేయండి, అభ్యంతరం ఉంటే చెప్పండి అంటాను. తల్లుల్లో చదువు రానివాళ్లుంటే అక్కడే ఒక కథ చదివి వినిపిస్తాను. ఒక తల్లి అలా విని, కాసేపు ఊరుకుని, "ఈ పుస్తకం వారం రోజులు నాకిస్తారా మేడం, మా ఆయనకు చదివిపిస్త" అన్నారు. ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు. స్టాక్ రిజిస్టర్‌లో ఆ పుస్తకానికి ఎదురుగా ఏం రాయాలో మీరే చెప్పాలి.

ఇంతకీ ఈ పని తెలుగు టీచర్లకే ఎందుకు అంటారేమో. 2018లో వచ్చిన చట్టం వల్ల మన రాష్ట్రంలో ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చెప్పి తీరాలి. అంటే మెహిదీపట్నంలో, మాదాపూర్‌లో, మల్కాజిగిరిలో, ఫీజు లక్షల్లో ఉన్నచోటా, అసలు లేనిచోటా అందరికీ ఉన్న పీరియడ్ ఇది. ఆ పీరియడ్‌ను చాలా బడుల్లో ఎలా వాడుతున్నామో మనకు తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలకు గుణింతాలు, మాట్లాడే పిల్లలకు సంధులు, సమాసాలు. కథ మాత్రం రెండు రకాల పిల్లలకూ అందుతుంది. పులి ఆకలి గురించి అడిగిన మా ఉర్దూ పిల్లవాడు ఆ రోజు తెలుగులో పూర్తి వాక్యం మాట్లాడింది కూడా అందుకే.

పుస్తకాలు లేవంటే నేను ఒప్పుకోను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో కథల పుస్తకాలు ఉండాలని పేరు పెట్టి మరీ రాశారు. తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ దగ్గర చిన్న ధరలకే పిల్లల పుస్తకాలు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను బస్సు ఛార్జీ కన్నా తక్కువకు కొన్నవి ఉన్నాయి. ఇక మన పాఠాల్లోని పిల్లలందరూ ఒకే ఇంట్లో పుట్టినట్టు ఉంటారు కదా, నాన్న ఆఫీసుకు, అమ్మ వంటింట్లో, సెలవుల్లో తాతగారి ఊరికి. దళిత, ముస్లిం, పేద ఇళ్ల పిల్లలు తమ వంటలతో, తమ పండగలతో, తమ మాటలతో కథలోకి రావాలని మన నగరంలోని అన్వేషి సంస్థ 2008లో డిఫరెంట్ టేల్స్ అనే పేరుతో తెలుగులో, మలయాళంలో, ఇంగ్లీషులో పుస్తకాలు తెచ్చింది. మీ బడి బీరువాలో వాటిలో ఒక్కటైనా ఉందేమో చూడండి. మా బడిలో లేదు, డిసెంబరులో జరిగే బుక్ ఫెయిర్‌లో వెతుక్కుని కొన్నదే.

2022లో వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టినప్పుడు మంచి సందడి జరిగింది, చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు కూడా ఆ ఏడాదే వచ్చింది. పిల్లలు తడబడకుండా చదవాలి, నిజమే. చదివినదాన్ని ఆ పిల్లవాడు ఏం చేసుకున్నాడన్న కాలమ్ మాత్రం ఏ ఫార్మాట్‌లోనూ నాకు కనిపించలేదు. ఉంటే నింపడం కష్టమేలెండి.

కథతో పని జరగని చోటు ఒకటుంది. అది మీరు నాకన్నా బాగా తెలుసుకుని ఉండాలి. నా ఇరవై రెండేళ్లలో ఒక్కసారి, కథ అయ్యాక ఒక బిడ్డ బెల్లు కొట్టినా లేవకుండా కూర్చుంది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఇక్కడ రాయను. నేను వెంటనే వెళ్లి పైవాళ్లకు చెప్పాను. ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడి చూద్దాం, బడి పేరు బయటికొస్తుంది అన్నారు. రెండు రోజులు అలాగే పోయాయి. ఆ రెండు రోజులూ నేను నిద్రపోలేదు. అయినా అడుగు ముందుకు వేయలేదు, ఆ తప్పులో నా వాటా నాకుంది.

పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. అనుమానం ఉన్నా చాలు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తప్పు చేసింది బడిలో మీ కింద పనిచేసే మనిషే అయి, మీరు దాచితే మీకు ఏడాది దాకా శిక్ష, జరిమానా. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. పిల్లలు, ఆడవాళ్ల కోసం హైదరాబాద్ పోలీసులు 2016లో పెట్టిన భరోసా కేంద్రం ఉంది. విచారణ వాళ్ల పని. బిడ్డను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించడం టీచర్ చేయకూడదు, మీరూ చేయకూడదు. కథ చెప్పే పీరియడ్ పెట్టేముందు ఈ నాలుగు మాటలూ స్టాఫ్ మీటింగ్‌లో చెప్పి, నంబర్లు గోడకు అంటించండి. ఇది లేకుండా పీరియడ్ ఇస్తే మాత్రం నాకు వద్దు. బిడ్డ చేత నోరు తెరిపించి, విన్నాక చేతులు ముడుచుకుని కూర్చోవడం ఇంకా ఘోరం.

పరీక్షల గురించి రెండు మాటలు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మేం పదో తరగతి దాకా పెంచి పంపిన వయసు పిల్లలు వాళ్లు. అప్పటినుంచి తొమ్మిది, పది తరగతులకు ఓడిపోయినవాళ్ల కథలు వెతుకుతున్నాను. దొరికిన ప్రతి కథలోనూ ఓడిపోయినవాడు చివరికి గెలుస్తాడు. ఏడో కొడుకు మొద్దు అంటారు, వాడే రాజకుమారిని తెస్తాడు. మా పదో తరగతి అమ్మాయి ఒకతి తేల్చేసింది: "చివరికి గెల్చిండు గద టీచర్. గెల్వకపోతే వాళ్లమ్మ వానికి అన్నం పెడ్తదా?" ఆ ప్రశ్నకు కథ కావాలి. రచయితలెవరైనా ఇది చదువుతుంటే రాయండి, మా పిల్లలకు ముందు చదివి వినిపిస్తాను. ఒక హెచ్చరిక కూడా. ప్రాణం తీసుకోవడాన్ని పరిష్కారంగానో, త్యాగంగానో చూపించే కథలను నేను క్లాసులోకి రానివ్వను, మీరూ రానివ్వకండి. ఎవరైనా పిల్లవాడి మాట తేడాగా అనిపిస్తే కథ అక్కడితో ఆపి, విడిగా మాట్లాడి, ఇంటికి చెప్పి, మానసిక సాయం కోసం ఉన్న టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయించాలి.

ఇక నేను అడిగేది. వారానికి ఒక పీరియడ్, టైంటేబుల్‌లో రాసి పెట్టింది. ఎస్ఏ పరీక్షలు దగ్గరపడగానే లెక్కల సార్‌కు ఇచ్చేసేది కాదు. (మా లెక్కల సార్ మంచివారే, నా పీరియడ్లు ఆయన దగ్గర ఓ ముప్ఫై బాకీ ఉన్నాయి.) దానికి మార్కులు వద్దు, ప్రాజెక్ట్ వర్కు వద్దు, చార్టు మీద అంటించడం అసలు వద్దు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు "ఈ పీరియడ్‌లో ఏం సాధించారు" అని అడిగితే, కథ చదువుకున్నాం అని చెప్పే ధైర్యం మీకుండాలి. ఎవరైనా పుస్తకం మీద ఫిర్యాదు చేస్తే బీరువాలో పెట్టే ముందు మీరొకసారి చదవండి. పిల్లల పుస్తకం, పది నిమిషాలు పడుతుంది. చదివాక కూడా వద్దనిపిస్తే నన్ను పిలిచి ఎందుకో చెప్పండి, వింటాను. అన్నిసార్లూ నాదే ఒప్పని నేను అనుకోవడం లేదు. ఒకసారి ఆరో తరగతికి చదివిన కథకు ఇద్దరు పిల్లలు రాత్రి భయపడ్డారని తల్లులు చెబితే, దాన్ని ఎనిమిదో తరగతికి మార్చుకున్నాను.

పుస్తకాలు పోతాయి, చిరుగుతాయి. పోయిన పుస్తకానికి టీచర్ జీతంలోంచి డబ్బు కట్టాలన్న పుకారు ఒకటి ప్రతి స్టాఫ్ రూంలోనూ తిరుగుతుంటుంది. నిజమో కాదో గానీ, దానివల్లే సగం బీరువాలు తెరుచుకోవడం లేదు. ఏడాదికి ఇన్ని పుస్తకాలు చిరిగిపోయినా ఫరవాలేదని మీరు ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి. మిగతాది టీచర్లు చూసుకుంటారు.

జూన్‌లో బడులు తెరవగానే ముందు మీ బడి కథల బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మా బడిలో దానికోసం నాలుగు రోజులు వెతికాం. రిటైరై వెళ్లిపోయిన సార్ దగ్గర ఉందన్నారు, ఆయన లేదన్నారు. చివరికి అటెండర్ యాదమ్మక్క వంటగది మేకుకు తగిలించి ఉంటే దొరికింది. బీరువా తెరిస్తే పై అరలో పుస్తకాలు కట్టిన తాడు కూడా విప్పలేదు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు
హైదరాబాద్